మైగ్రేన్ వస్తోందని ముందే తెలుస్తుందా? ట్రిగ్గర్లు, ముందస్తు సూచనల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు మైగ్రేన్ మొదలై ఇరవై ఏళ్లు దాటింది. అందులో మొదటి పదిహేనేళ్లూ నొప్పి వచ్చిన ప్రతిసారీ ఒకటే పని: ఏం తిన్నాను, ఎక్కడ తిరిగాను, ఎవరితో గొడవపడ్డాను అని వెనక్కి వెళ్లి వెతుక్కోవడం. నొప్పికి ముందు రోజు నా ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు. కింద ఉన్నవి అప్పట్లో నేను డాక్టర్లను అడిగిన ప్రశ్నలు, ఆ తర్వాత బంధువులు, తోటి ఉద్యోగులు నన్ను అడిగినవి.

మైగ్రేన్ అంటే తలనొప్పే కదా, కాస్త గట్టిగా వస్తుందంతేగా?

ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. తలనొప్పి అందులో ఒక భాగం. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతున్నారు. యుక్తవయసు దాటాక మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. కుటుంబాల్లో నడిచే జబ్బు కూడా, అందుకే డాక్టరు మొదట అడిగేది "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అనే.

మందు వేసుకోకపోతే నొప్పి 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉంటుంది. చాలామందికి తలలో ఒకవైపు, నాడి కొట్టుకున్నట్టు వస్తుంది. నాలుగు మెట్లు ఎక్కినా, వంగి ఏదైనా తీసినా ఎక్కువవుతుంది. దాంతోపాటు వికారం ఉంటుంది, లేదంటే వెలుతురు, చప్పుడు రెండూ భరించలేం. ఇవన్నీ ఒకేసారి ఉండాలని లేదు. పార్శ్వపు నొప్పి అనే పేరు వల్ల ఒకవైపే రావాలని చాలామంది అనుకుంటారు కానీ, రెండువైపులా వచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

స్కానింగ్‌లో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని అర్థం కాదు. మైగ్రేన్‌ను పట్టించే స్కాను గానీ రక్తపరీక్ష గానీ లేదు. మనం చెప్పే వివరాలను బట్టే డాక్టరు నిర్ధారిస్తారు. అందుకే మనం ఏం గమనించామన్నది అంత ముఖ్యం.

నొప్పి మొదలవక ముందే నిజంగా తెలుస్తుందా?

చాలామందికి తెలుస్తుంది, ఏం చూడాలో తెలిస్తే. నొప్పికి కొన్ని గంటల ముందు నుంచి రెండు రోజుల ముందు వరకు ఈ దశ నడుస్తుంది. వైద్యంలో దీన్ని ప్రోడ్రోమ్ అంటారు.

ఎక్కువగా కనబడేవి: నిద్ర సరిపోయినా ఆగని ఆవులింతలు, మెడ పట్టేసినట్టు ఉండటం, కారణం లేని నీరసం, విసుగు, ఏకాగ్రత కుదరకపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం, తీపి కోసమో ఇంకేదైనా ఒక పదార్థం కోసమో నాలుక పీకడం, మామూలు లైటు కూడా గుచ్చుకున్నట్టు అనిపించడం. కొందరికి దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. ముందు రోజు ఎక్కడలేని హుషారు వస్తుంది, ఇల్లంతా సర్దేస్తారు, మర్నాడు మంచం పడతారు.

నా సంగతి చెబుతాను. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వరుసగా ఏడెనిమిది ఆవులింతలు వస్తాయి, కళ్లలో నీళ్లు తిరిగేంత పెద్దవి. నిద్ర మాత్రం రాదు. చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటాను. బాగా తెలిసిన మాట నోటి చివరే ఉంటుంది, బయటికి రాదు. అప్పటికి తల తేలిగ్గానే ఉంటుంది. రాత్రి పది దాటాక కుడి కణత దగ్గర నొప్పి మొదలవుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని పదిహేనేళ్లు నాకు తట్టనే లేదు.

ఈ లక్షణాలకు అర్థం ఉంది. నిద్ర, ఆకలి, దాహం, ఒంటి వేడి వంటివాటిని చూసుకునే హైపోథాలమస్ అనే చిన్న భాగం మెదడు లోతుల్లో ఉంది. నొప్పి మొదలవక ముందే అక్కడ చలనం పెరుగుతుందని మెదడు స్కాన్‌లలో చూశారు. ఆవులింతలు, ఆకలి, మూత్రం, విసుగు ఒక్కసారిగా మారిపోవడంలో దాని పాత్ర ఉందని అందుకే భావిస్తున్నారు.

మరి ట్రిగ్గర్ అంటే ఏమిటి?

మైగ్రేన్ స్వభావం ఉన్న మెదడులో ఒక దాడికి దారితీసే పరిస్థితిని ట్రిగ్గర్ అంటారు. జబ్బుకు మూలకారణం అది కాదు. ఆ స్వభావం లేని మనిషి అదే ఎండలో తిరిగినా, అదే పూట భోజనం మానేసినా మైగ్రేన్ రాదు.

ఒక ట్రిగ్గర్ ప్రతిసారీ పనిచేయదు కూడా. రాత్రి నిద్ర చాలలేదు, ఏమీ కాలేదు. ఇంకోసారి నిద్ర చాలలేదు, పొద్దున తినడం కుదరలేదు, నెలసరి దగ్గరపడింది, ఆపైన ఎండలో ప్రయాణం. అప్పుడు వచ్చింది. చివరగా ఎదురైంది ఎండ కాబట్టి నింద ఎండ మీద పడుతుంది. కుండ నిండుతూ వచ్చింది పొద్దుటి నుంచి.

సెంటు వాసన, చాక్లెట్, వెలుతురు నాకు ట్రిగ్గర్లని అనుకుంటున్నాను. నిజమేనా?

కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇదే చదవండి.

ఒకప్పుడు ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ గాఢమైన సెంటు వాడేది. దాని వల్లే నాకు తలనొప్పి వస్తోందని గట్టిగా నమ్మాను. సీటు మార్పించుకున్నాను కూడా. ఆవిడ నొచ్చుకుంది. చాలా ఏళ్ల తర్వాత డైరీ రాయడం మొదలుపెట్టాక అసలు విషయం తట్టింది. ఆవిడ ఆ సెంటు రోజూ వాడేది. నెలలో ఇరవై రోజులు అది నాకు తెలిసేది కూడా కాదు. భరించలేకపోయింది ఏ రెండు మూడు రోజులో. ఆ రోజుల్లో ఆవులింతలు కూడా ఉండేవి. అంటే వాసన ముక్కుకు అంత ఘాటుగా తగిలేసరికే దాడి మొదలైపోయి ఉంది.

చాక్లెట్ కథా చాలామందిలో ఇదే. ముందస్తు దశలో తీపి తినాలనిపిస్తుంది. తింటాం. తర్వాత నొప్పి వస్తుంది. నింద చాక్లెట్ మీద పడుతుంది. ఏది చాక్లెట్టో, ఏది అలాగే కనిపించే వేరే పదార్థమో తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో రెండింటికీ పెద్ద తేడా కనబడలేదు. వెలుతురు సంగతి చూడండి. వెలుతురో, కఠినమైన వ్యాయామమో తమకు ట్రిగ్గర్ అని చెప్పిన 27 మందికి పరిశోధకులు అవే కల్పించి చూశారు. 2013లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ముగ్గురికి ఆరాతో (నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల వంటివి కనబడటం; దీని గురించి కింద చెబుతాను) కూడిన మైగ్రేన్, ఇంకో ముగ్గురికి ఆరా లేని మైగ్రేన్ వచ్చింది. మిగతావాళ్లకు ఏమీ రాలేదు.

మీ అనుభవం అబద్ధమని నేను అనడం లేదు. వాసనకో, మినుకుమినుకుమనే లైటుకో నిజంగా దాడి వచ్చేవాళ్లున్నారు. తేల్చుకోవాలంటే రెండు ప్రశ్నలు వేసుకోండి. అది తగిలిన రోజుల్లో ఎన్నిసార్లు నొప్పి రాలేదు? అది తగలడానికి ముందే ఆవులింత, మెడ నొప్పి, విసుగు లాంటిది ఏదైనా మొదలైందా? మనకు నొప్పి వచ్చిన రోజే గుర్తుంటుంది. అదే పదార్థం తిని హాయిగా పడుకున్న రోజు ఎవరికీ గుర్తుండదు.

తేల్చుకోకుండా ఒక్కొక్కటే మానుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు. అది తినకూడదు, అక్కడికి వెళ్లకూడదు, సినిమా వద్దు, పెళ్లి వద్దు అంటూ బతుకును కుదించుకున్నవాళ్లను చూశాను. నేనూ కొన్నేళ్లు అలాగే ఉన్నాను. నొప్పులు తగ్గలేదు.

గట్టిగా నమ్మదగ్గ ట్రిగ్గర్లు ఏవి?

ఎక్కువమంది చెప్పేవి టెన్షన్, నిద్రలో తేడాలు, భోజనం తప్పడం, నెలసరి, మద్యం.

టెన్షన్‌లో ఒక మెలిక ఉంది. టెన్షన్ పెరిగినప్పుడే కాదు, ఒక్కసారిగా దిగిపోయినప్పుడు కూడా వస్తుంది. పరీక్షలన్నీ రాసేదాకా బాగుండి, ఆఖరి పేపరు అయిన మర్నాడు పడిపోవడం అందుకే. సెలవు రోజు వచ్చే మైగ్రేన్‌లో దీనికితోడు ఇంకో రెండు కలుస్తాయి. ఆలస్యంగా లేస్తాం, రోజూ తాగే వేళకు కాఫీ పడదు. నిద్ర తక్కువైనా, ఎక్కువైనా ఈ మెదడుకు పడదు. సెలవు రోజు కూడా ఇంచుమించు అదే వేళకు లేవడం నాకు బాగా పనిచేసింది. మొదట్లో కష్టంగానే ఉండింది.

వాతావరణం గురించి చాలామంది చెబుతారు. పరిశోధనల ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగడం లేదు. మబ్బును మనం ఆపలేం కాబట్టి, మబ్బు పట్టిన రోజు భోజనం, నిద్ర తప్పకుండా చూసుకుంటే చాలు.

కాఫీ పూర్తిగా మానేయాలా?

అందరూ మానేయాల్సిన పని లేదు. కెఫీన్ కొందరికి నొప్పి తగ్గిస్తుంది, కొన్ని నొప్పి మాత్రల్లో అది కలిసే ఉంటుంది. చిక్కల్లా రోజుకోలా తాగడంతోనే. రోజూ బాగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. తాగితే రోజూ కొద్దిగా, ఒకే వేళకు తాగండి. మానాలనుకుంటే కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గించండి.

నెలసరికి ముందు తప్పనిసరిగా వస్తోంది. ఇది హార్మోన్లదేనా?

అవును, అప్పుడు ఈస్ట్రోజన్ పడిపోతుంది. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు ఉండే రోజుల్లో దాడి వచ్చే అవకాశం ఎక్కువ. ఈ నొప్పి మిగతావాటికంటే ఎక్కువసేపు ఉంటుందని, మాత్రలకు అంత తొందరగా లొంగదని చాలామంది ఆడవాళ్లు చెబుతారు. "ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే" అని ఎవరైనా అంటే ఊరుకోకండి. మూడు నెలల తేదీలు కాగితం మీద పెట్టి డాక్టరుకు చూపించండి. తేదీలు క్రమం తప్పకుండా ఉంటే ఆ నాలుగైదు రోజులకే ముందుగా మందు ఇచ్చే పద్ధతి ఉంది.

గర్భం వచ్చాక, ముఖ్యంగా మూడో నెల దాటాక, చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. అయితే మైగ్రేన్‌కు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని ముందే చెప్పాలి.

కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడుతున్నాయి. ఇది ఏమిటి?

దీన్ని ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి వస్తుంది. ప్రోడ్రోమ్, ఆరా వేర్వేరు. ప్రోడ్రోమ్ గంటల తరబడి, రోజుల తరబడి సాగుతుంది. ఆరా మాత్రం సాధారణంగా 5 నిమిషాల నుంచి గంట లోపు ఉండి, తర్వాత నొప్పి మొదలవుతుంది. నొప్పి రాకుండా ఆరా ఒక్కటే వచ్చి పోవడం కూడా ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడు నేను పేపరు చదువుతున్నాను. ఒక మాటలో మధ్య అక్షరం కనబడలేదు. అచ్చు పడలేదేమో అనుకుని పక్క మాట చూశాను. అక్కడా మధ్య అక్షరం లేదు. ఎటు చూస్తే అటే ఆ ఖాళీ వచ్చింది. కాసేపటికి దాని అంచు మెరవడం మొదలైంది, రంపం పళ్లలా వంకరటింకరగా. మెల్లగా పెద్దదవుతూ, విల్లులా వంగి చూపు అంచుకు జరిగిపోయింది. ఇరవై అయిదు నిమిషాల్లో అంతా మామూలైపోయింది. కన్ను పోయిందనే అనుకున్నాను. కళ్లు మూసుకున్నా ఆ మెరుపు కనబడుతూనే ఉంది. అది కంట్లో లేదని, మెదడులో ఉందని చెప్పే గుర్తు అదేనని తర్వాత తెలిసింది.

దీన్ని శ్రద్ధగా చూసినవాళ్లు వందేళ్ల క్రితమూ ఉన్నారు. హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లండ్ వైద్యుడు తనకు కనబడిన రంపపు అంచులను బొమ్మలుగా గీసి 1870లో ప్రచురించాడు. 1941లో కార్ల్ లాష్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ఆరా ఎంత వేగంగా పెరుగుతోందో గీసుకుని, మెదడు పొరపై ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కగట్టాడు. మూడేళ్లకు, 1944లో, బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడుపై పనిచేస్తూ, నాడీకణాల చలనం అణిగిపోతూ ఇంచుమించు అదే వేగంతో పాకే అలను చూశాడు. ఆ అల చూపుకు సంబంధించిన భాగం మీదుగా వెళ్తే మెరుపులు, స్పర్శకు సంబంధించిన భాగం మీదుగా వెళ్తే తిమ్మిరి. తిమ్మిరి సాధారణంగా వేళ్ల దగ్గర మొదలై చేయి మీదుగా పైకి పాకి, పెదవులకూ నాలుకకూ వస్తుంది. కొందరికి మాట తడబడుతుంది.

ఇది ఆరానా, పక్షవాతమా? ఎలా తెలుసుకోవాలి?

ఆరా మెల్లగా పాకుతుంది. ఒక లక్షణం విస్తరించడానికే అయిదు నిమిషాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఒకటి తగ్గుతుంటే ఇంకోటి మొదలవుతుంది. పక్షవాతం సాధారణంగా ఒక్క క్షణంలో వస్తుంది. చేయి పడిపోతుంది, మూతి వంకరపోతుంది, చూపు నల్లబడిపోతుంది.

ఈ తేడా పుస్తకంలో చదివి ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోవద్దు. జీవితంలో మొదటిసారి వచ్చినా, ఎప్పుడూ వచ్చేలా రాకపోయినా, చేయీ కాలూ బలం తగ్గినా, గంట దాటినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పరీక్ష చేసి ఆరా అని చెబితే ఇబ్బందేం లేదు, ఇంటికి వచ్చేస్తాం.

ఆరా ఉన్నవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడవచ్చా?

ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడవద్దనే సాధారణంగా డాక్టర్లు చెబుతారు. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు కొద్దిగా ఎక్కువ, ఆ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి, సిగరెట్ అలవాటు ఉంటే మరీనూ. ఈస్ట్రోజన్ లేని వేరే పద్ధతులున్నాయి. మాత్రలు రాసేటప్పుడు డాక్టరు అడగకపోయినా, "నాకు ఆరా వస్తుంది" అని మీరే చెప్పండి.

నాది సైనస్ తలనొప్పి అన్నారు. ముక్కు కారుతుంది, ముఖం బరువుగా ఉంటుంది.

మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ, కళ్ల వెంట నీళ్లు, నుదురు, బుగ్గల దగ్గర బరువు ఉంటాయి. తమకు సైనస్ తలనొప్పి ఉందనుకున్న దాదాపు 3,000 మందిని పరీక్షించిన ఒక అధ్యయనంలో 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలే సరిపోయాయి. జ్వరం, చిక్కటి పసుపుపచ్చ చీమిడి లేకుండా, వికారంతో నెలనెలా తిరిగొచ్చే "సైనస్" నొప్పిని ఒకసారి మైగ్రేన్ కోణంలో చూపించుకోండి. అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడుతూ ఏళ్లు గడిపేవాళ్లున్నారు. మెడనొప్పి కూడా ఇంతే. మెడ పట్టేసి తలనొప్పి వచ్చిందనుకుంటాం కానీ, చాలాసార్లు ఆ మెడ పట్టేయడం కూడా మైగ్రేన్‌లో భాగమే.

సూచన కనబడింది. ఇప్పుడు ఏం చేయాలి?

నీళ్లు తాగండి, ఆకలి లేకపోయినా ఏదైనా తినండి. ఆ సాయంత్రానికి తప్పనిసరి కాని పనులు వాయిదా వేయండి. స్క్రీన్ వెలుతురు తగ్గించండి. రాత్రి వేళకు పడుకోండి. మాత్ర దగ్గర పెట్టుకోండి, బయటికి వెళ్తే బ్యాగులో ఉండాలి.

నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది మందును బట్టి ఉంటుంది. మైగ్రేన్ దాడిని ఆపడానికి వాడే ట్రిప్టాన్ల వంటి మందులు నొప్పి మొదలవగానే, ఇంకా తక్కువగా ఉన్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. ఆరా వచ్చేవాళ్లు ఆరా నడుస్తున్నప్పుడు కాకుండా, నొప్పి మొదలయ్యాక వేసుకోవాలి. "చూద్దాం, తగ్గుతుందేమో" అని ఓపిక పడితే నష్టమే. నొప్పి ముదిరాక తల దువ్వుకున్నా, దిండు తగిలినా, కళ్లజోడు పెట్టుకున్నా చర్మం మండినట్టుంటుంది. ఆ దశకు చేరాక అదే మాత్ర అంతగా పనిచేయదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ట్రిప్టాన్లు పడవు. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

ముందస్తు దశలోనే మందు వేస్తే ఎలా ఉంటుందని కూడా పరీక్షించారు. ఉబ్రోజెపాంట్ అనే కొత్తరకం మందుతో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మందు వేసుకున్న సందర్భాల్లో 46 శాతం వాటిలో తర్వాతి 24 గంటల్లో ఓ మోస్తరు నొప్పి గానీ తీవ్రమైన నొప్పి గానీ రాలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు అది 29 శాతం. ఆ పరీక్షకు ఎంచుకున్నది తమ సూచనలను నమ్మకంగా గుర్తుపట్టగలిగిన వాళ్లనే.

అయితే అనుమానం వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకోవచ్చా?

వద్దు. ట్రిప్టాన్లు నెలలో 10 రోజులు, పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ లాంటి మామూలు మాత్రలు 15 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి. ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని రోజులన్నది లెక్క. నెలలో నాలుగు రోజులు, అంతకంటే ఎక్కువ నొప్పితో పోతుంటే, దాడులు రాకుండా ఆపే మందుల గురించి డాక్టరును అడగండి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ వంటి పాత మందుల నుంచి ఇంజెక్షన్ల దాకా చాలా ఉన్నాయి. ఒకటి పడకపోతే ఇంకోటి. పనిచేసిందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు ఆగాలి.

డైరీలో ఏం రాయాలి?

తేదీ, నొప్పి మొదలైన వేళ, వేసుకున్న మాత్ర, తగ్గిన వేళ, నెలసరి తేదీలు. ఇవి అందరూ రాస్తారు. నేను చెప్పేది ఇంకో రెండు వరుసలు. నొప్పికి ముందు రోజు ఎలా ఉన్నారో ఒక వాక్యం రాయండి. ఏ నొప్పీ లేని రోజు కూడా నిద్ర, భోజనం, మనసు ఎలా ఉన్నాయో ఒక వాక్యం రాయండి. నొప్పి రోజులు మాత్రమే రాస్తే దేనితో పోల్చుకుంటాం? రెండు మూడు నెలలు చాలు. నా పాత నోటుబుక్కులో "ఊరికే విసుగు, ఎవరితో మాట్లాడబుద్ధి కాలేదు" అని ఒకే నెలలో మూడుసార్లు ఉంది. మూడుసార్లూ మర్నాడే నొప్పి.

పిల్లలకు కూడా వస్తుందా?

వస్తుంది. వాళ్లలో నొప్పి తరచు రెండువైపులా, నుదుటి మీద ఉంటుంది, రెండు గంటల్లోనే తగ్గిపోవచ్చు. తల సంగతి చెప్పకుండా కడుపునొప్పి, వాంతులు అనే పిల్లలుంటారు. మాటిమాటికీ వచ్చే అలాంటి కడుపునొప్పి కొందరిలో మైగ్రేన్ రూపమే. ముఖం పాలిపోవడం, ఆడుకునే పిల్ల మూలన పడుకోవడం, చిరాకు పడటం చూస్తే బడి ఎగ్గొట్టే వేషాలని తిట్టకండి. 16 ఏళ్ల లోపు పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

ఎలాంటి తలనొప్పికి ఆగకుండా పరుగెత్తాలి?

నిమిషం లోపే భరించలేనంత తీవ్రమైన నొప్పి. జ్వరంతో, మెడ వంచలేకపోవడంతో వచ్చే నొప్పి. మాట, చూపు, చేయి, కాలు ఏదైనా పడిపోవడం, స్పృహలో తేడా, ఫిట్స్. తలకు దెబ్బ తగిలాక వచ్చేది. గర్భంతో ఉన్నప్పుడు గానీ కాన్పు అయ్యాక గానీ కొత్తగా వచ్చేది. వీటిలో ఏది ఉన్నా అది మైగ్రేనేనని ఇంట్లో పడుకోకూడదు. 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పిని, పాత నొప్పే తీరు మారినా, వారం వారం పెరుగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంట్లోవాళ్లం మేమేం చేయగలం?

చాలా చేయగలరు. నొప్పి తగ్గాక కూడా ఒకటి రెండు రోజులు మనిషి పిండేసినట్టు ఉంటుంది. ఆ రోజు "తగ్గిపోయిందిగా" అని పనులు ఒప్పజెప్పకండి.

ఇంకొకటి. ముందస్తు సూచనలు మాకంటే ముందు మీకే కనబడతాయి. ముఖం పాలిపోవడం, మాట తగ్గిపోవడం, చిన్న విషయానికి కసురుకోవడం పక్కనున్నవాళ్లకు తెలుస్తాయి, లోపల ఉన్నవాళ్లకు తెలియవు. మా ఇంట్లో నా ఆవులింతలు లెక్కపెట్టేది మా అమ్మాయి. మూడోది రాగానే గ్లాసుడు నీళ్లు తెచ్చి పక్కన పెడుతుంది. హాల్లో పెద్ద లైటు ఆపేసి, "అమ్మా, మాత్ర బ్యాగులో ఉందా?" అని అడుగుతుంది. చాలాసార్లు అప్పుడే నాకు తెలుస్తుంది, మొదలైందని.